బాగుపడినవాడు పరీక్షకు భయపడవలెనా?

ధ్యాన భాగములు: లేవీయకాండము 13, 14 అధ్యాయములు, మత్తయి 8:1-4



నాయుడుపేట చుట్టుపట్ల పల్లెలలో కాపురముండు మనకు విమానముల సంగతితో ఏమి పని అని మీరు అడుగవచ్చును. కాని ఒకసారి ఆలోచించుడి. మన సంఘములలోని బిడ్డలు కువైటుకును దుబాయికిని పనికి పోవుచున్నారు. ఇంటిని విడిచి, మెడలోని గొలుసు తాకట్టు పెట్టి టిక్కెట్టు కొని, చెన్నపట్టణమున విమానమెక్కు తల్లి ఆ విమానము నడుపు పైలటు ముఖమైనను చూడదు. అతని పేరెరుగదు. అయినను తన ప్రాణమును, తన కొరకు ఇంటివద్ద ఎదురుచూచు బిడ్డల బ్రతుకును అతని చేతిలో పెట్టి కన్నులు మూసికొనును. గూడూరు బస్సెక్కినప్పుడు డ్రైవరు విషయములో మనము చేయునదియు ఇదియే. లోకము నమ్మకము మీద నడచుచున్నది. ఆ నమ్మకమును నిలుపుటకు ఎవరో ఒకరు ముందుగా పరీక్షించి యుండవలెను.

కాబట్టి ఈ మాసము ఒక ప్రశ్నను మీ యెదుట పెట్టుచున్నాము. ఒకప్పుడు త్రాగుడునకు బానిసయై, పిమ్మట దానిని విడిచిపెట్టిన మనుష్యుని చేతికి మరల విమానమును అప్పగింపవచ్చునా? అప్పగించుటకు ముందు అతని గతమును తిరుగవేయుట న్యాయమా?

దీనికి తొందరపడి చెప్పు జవాబులు రెండు కలవు. ఒకడు, "త్రాగినవాడు త్రాగినవాడే, కుక్క తోక వంకర పోదు" అనును. వేరొకడు, "దేవుడే క్షమించినప్పుడు మనుష్యులు పాత కాగితములు తీయుట ఎందుకు?" అనును. మన పల్లెలలోను మన సంఘములలోను ఈ రెండు మాటలును వినబడుచున్నవి. రెండింటిలోను కొంత సత్యము కలదు. అయినను ఏదియు చాలదు.

1. ఆకాశమున నియమము కఠినముగా నుండుటకు కారణము

మన దేశములో రోడ్డు మీద బండి నడుపువాని రక్తములో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించి మద్యముండిన యెడల అది నేరము. విమానము నడుపువానికి ఆ 30 కూడ లేదు. అతని ఊపిరిలో మద్యపు జాడయే యుండరాదు. విమానమెక్కుటకు ముందు 12 గంటలలోపల మద్యము ముట్టరాదని 1937 నాటి విమాన నిబంధనలలోని 24వ నిబంధన చెప్పుచున్నది. 12 గంటలు గడచినను ఊపిరిలో జాడ యుండిన యెడల అతడు తప్పించుకొనలేడు. మొదటిసారి దొరికినవానికి 3 నెలలు లైసెన్సు నిలిచిపోవును. రెండవసారి 3 సంవత్సరములు. మూడవసారి లైసెన్సే రద్దగును. పరీక్షకు నిరాకరించినవాడును శిక్షార్హుడే. 2023లో పౌర విమానయాన శాఖ అధికారులు మరియొక మాట చేర్చిరి. మద్యము కలిసిన నోరు కడుగు మందులును, పండ్లకు పూయు జెల్లులును విమాన సిబ్బంది వాడరాదనిరి.

ఇంత కఠినమేల? మద్యము కడుపులో పడిన తరువాత దేహము దానిని తన వేగముననే కరిగించును. కాఫీ గాని, మజ్జిగ గాని, చన్నీళ్ల స్నానము గాని ఆ వేగమును పెంచలేవు. మన చెవి లోపల ద్రవముతో నిండిన మూడు సన్నని వంపు గొట్టములు కలవు. తల ఎటు తిరిగినదో, దేహము ఎటు వాలినదో అవి మెదడునకు తెలుపును. మద్యము ఆ భాగములోనికి మెల్లగా చేరి, మెల్లగా వెలికి వచ్చును. అందువలన ఊపిరి తేటపడిన తరువాత కూడ కొన్ని గంటలు ఆ తూకము తప్పి యుండవచ్చును. చీకటిలో, మేఘములలో, నేల కనబడనప్పుడు, విమానము వాలినదో నిలువుగా నున్నదో దేహము అతనికి అబద్ధము చెప్పును. పెద్ద విమానము నేల తాకునప్పుడు సహితము గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగముతో నుండును. బండివాడు తడబడిన యెడల ఎద్దులు తమంతట తామే ఇల్లు చేరును. అక్కడ ఎద్దులు లేవు.

సామెతల గ్రంథము 23వ అధ్యాయములో త్రాగుబోతు నడిసముద్రములో ఓడ స్తంభపు కొన మీద పండుకొన్నవానితో పోల్చబడెను. మూడు వేల సంవత్సరముల నాటి ఆ పోలిక నేటి విమానమునకు ఎంత తగియున్నదో చూడుడి. లేవీయకాండము 10వ అధ్యాయములో ప్రత్యక్షపు గుడారములోనికి వచ్చునప్పుడు ద్రాక్షారసము గాని మద్యము గాని త్రాగరాదని దేవుడు అహరోనుకు ఆజ్ఞాపించెను. పనిలో నుండగా మద్యము కూడదను నియమము నేటి ప్రభుత్వములు క్రొత్తగా కనిపెట్టినది కాదు. పలువురి క్షేమము ఎవని చేతిలో నున్నదో వాని చేయి వణకరాదు.

2. మాటలాడవలసినవారు ఊరకుండిన దినములు

ఈ నియమములు ఊరక పుట్టలేదు. వాటి వెనుక సమాధులు కలవు. 1961 జనవరి 3వ తేదీన ఫిన్లాండు దేశములో వాసా పట్టణమునకు సమీపమున ఒక ప్రయాణికుల విమానము కూలెను. అందులోని 25 మందియు చనిపోయిరి. పైలట్లిద్దరును ముందటి రాత్రి ప్రొద్దుపోవువరకు త్రాగి, చాలినంత నిద్రలేకయే విమానమెక్కిరని విచారణలో తేలెను.

1977 జనవరి 13వ తేదీన అలాస్కాలోని యాంకరేజి నుండి పశువులను ఎక్కించుకొని జపానుకు బయలుదేరిన సరకు విమానము లేచిన వెంటనే పడిపోయెను. ముగ్గురు విమాన సిబ్బందియు, పశువుల కాపరులిద్దరును మరణించిరి. కెప్టెను మిక్కిలి త్రాగి యుండెను. ఇందులో మనస్సును కలచు సంగతి యేమనగా, అతనిని విమానాశ్రయమునకు తెచ్చిన టాక్సీ డ్రైవరు అతని వాలకము చూచి సందేహపడి తన పైవారికి తెలిపెను. ఆ మాట విమానాశ్రయములోని వారి చెవిని బడినను విమానము ఆగలేదు. ప్రక్కన కూర్చున్న తోటి సిబ్బంది అతనిని ఆపకపోవుటయు ఆ ప్రమాదమునకు ఒక కారణమని విచారణాధికారులు వ్రాసిరి.

ఎందుకు ఆపలేదు? ఆయన పెద్దవాడు, తాము చిన్నవారు. ఆయన ఉద్యోగము పోవునేమో, ఆయన భార్యాబిడ్డల గతి యేమగునో అని జాలి కూడ ఉండియుండవచ్చును. మనకు ఈ జాలి తెలియనిది కాదు. త్రాగివచ్చిన మేస్త్రిని, త్రాగి ట్రాక్టరెక్కిన బావను చూచియు, "పెద్దవాడు, ఏమందుము?" అని ఊరకుండినవారము ఎందరము! యెహెజ్కేలు 33వ అధ్యాయములో ఖడ్గము వచ్చుట చూచియు బూర ఊదని కావలివాడు లెక్క అప్పగింపవలెనని చదువుచున్నాము. ఊరకుండుట కొన్నిసార్లు ప్రేమవలె కనబడును. యాంకరేజిలో ఆ ప్రేమ అయిదుగురిని చంపెను.

3. వైద్యుడు గతమును ఏల అడుగును?

ఊపిరి పరీక్ష నేటి త్రాగుడును పట్టును. నిన్నటి బానిసత్వమును పట్టలేదు. కాబట్టి రెండవ కాపలా ఒకటి కలదు. అదియే వైద్య ధ్రువపత్రము. ప్రయాణికులను మోయు విమానము నడుపువాడు మొదటి తరగతి వైద్య పరీక్షలో నెగ్గవలెను. అది సాధారణముగా ఏటేట జరుగును. వయస్సు పైబడినవారికి ఆరు నెలలకొకసారి జరుగును. కన్ను, చెవి, గుండె, రక్తము మొదలైనవన్నియు చూతురు. కాలేజము దెబ్బతిన్నదా అని రక్తపు పరీక్షలు తెలుపును. దానితో కూడ వైద్యుడు నోటితోను కాగితముతోను అడుగును: నీవు త్రాగుదువా? ఎంత? ఎప్పుడైనను దానికి చికిత్స పొందితివా?

మద్యమునకు గాని మత్తు పదార్థములకు గాని బానిసయైన చరిత్ర గలవానిని ఊరక తగినవాడని వ్రాయరాదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణములలో నున్నది. అమెరికా దేశపు నియమము మరింత విడమరచి చెప్పుచున్నది. బానిసత్వము ఒకసారి నిర్ధారణయైనవాడు తిరిగి ధ్రువపత్రము పొందవలెనన్న, బాగుపడినట్లు రుజువు చూపవలెను. కనీసము గడచిన రెండు సంవత్సరములు బొత్తిగా త్రాగకయుండవలెను. ప్రత్యేకమైన కాపుదల క్రింద మాత్రము కొందరికి ఇంతకు ముందే అనుమతి దొరకుట కలదు. సెలవు దినమున తన సొంత కారును త్రాగి నడిపి పట్టుబడినను, ఆ సంగతిని 60 దినములలోగా విమానయాన అధికారులకు పైలటు తానే తెలుపవలెను.

"కారునకును విమానమునకును సంబంధమేమి? సెలవునాడు అతడేమి చేసిన వారికేల?" అని మీరడుగవచ్చును. సంబంధము కలదు. ఎప్పుడైన ఒక విందులో త్రాగుట వేరు. త్రాగకుండ ఉండలేకపోవుట వేరు. రెండవది ఒక రోగము. అన్ని రోగములును "నేనున్నాను" అని చెప్పును. ఈ రోగము మాత్రము "నేను లేను" అని చెప్పును. మధుమేహమున్నవాడు ఒప్పుకొనును గాని, త్రాగుడు రోగమున్నవాడు "నేను కావలెనన్నప్పుడు మానగలను" అని ప్రమాణము చేయును. అందుకే వైద్యుడు అతని మాట మాత్రమే గాక అతని చరిత్రయు అడుగును. మానిన తరువాత కూడ ఈ రోగము ఏండ్ల తరబడి గుమ్మము దగ్గర పొంచియుండును. ఒక దుఃఖము, ఒక కలహము, పాత స్నేహితుడొకడు చాలును, మరల లోనికి వచ్చును.

కాబట్టి గతమును అడుగుట పగ తీర్చుకొనుట కాదు. నేల తడిగా నున్నదా యని చూచిన తరువాతనే విత్తువాడు విత్తనమును ద్వేషించుటలేదు గదా!

4. తలుపు మూసిన యెడల అబద్ధము పుట్టును

అయితే కఠినమైన నియమమునకు ఒక ప్రమాదము కలదు. 1970 ప్రాంతములకు ముందు అమెరికాలో "నేను త్రాగుడు మానలేకయున్నాను" అని పైలటు ఒప్పుకొనిన యెడల ఆకాశము అతనికి శాశ్వతముగా మూయబడినట్లే. దాని ఫలితమేమి? త్రాగుట మానిరా? లేదు. చెప్పుట మానిరి. భార్య దాచెను, స్నేహితుడు దాచెను, వైద్యునితో అతడే దాచెను. రోగము చీకటిలో పెరుగుచు, ప్రయాణికులతో కూడ విమానమెక్కెను.

ఇది గ్రహించి 1970ల నడుమ పైలట్ల సంఘమును, విమాన సంస్థలును, ప్రభుత్వ వైద్యాధికారులును కూడి ఒక ఏర్పాటు చేసిరి. దానిని పొడి అక్షరములతో హిమ్స్ అని పిలుతురు. ఒప్పుకొనినవానిని వెంటనే విమానము నుండి దింపుదురు. నెల దినములంతగా ఆసుపత్రిలో నుంచి చికిత్స చేయింతురు. తరువాత మానసిక వైద్యులు చూతురు. అటుపిమ్మట అతడు కూటములకు పోవలెను. ముందుగా చెప్పకుండ వచ్చు పరీక్షలకు నిలువవలెను. ఒక తోటి పైలటును, ఒక పై అధికారియు అతనిని ఏండ్ల తరబడి కనిపెట్టి యుందురు. ఇవన్నియు నెరవేరిన పిమ్మట ప్రత్యేకమైన ధ్రువపత్రము నిత్తురు. ఈ మార్గమున వేలాది పైలట్లు మరల పనిలో చేరిరి. మన దేశమున 2022 జనవరి 31వ తేదీ నుండి గంజాయి, నల్లమందు మొదలగు మత్తు పదార్థముల విషయమై పైలట్లకు యాదృచ్ఛిక పరీక్షలు అమలులోనికి వచ్చినవి. ఆ నియమములలోను మొదటిసారి దొరికినవానిని చికిత్సకు పంపవలెనని యున్నది.

ఇట్లు తిరిగివచ్చినవారిలో ఒకని కథ మీకు చెప్పవలెను. 1990 మార్చి 8వ తేదీన అమెరికాలో ఫార్గో నుండి మినియాపొలిసు వరకు నార్త్‌వెస్టు సంస్థవారి విమానమును నడిపిన ముగ్గురు సిబ్బందిని దిగిన వెంటనే అధికారులు పట్టుకొనిరి. ముందటి రాత్రి వారు ఎంతగానో త్రాగియుండిరి. ప్రయాణికులకు ఎవరికిని హాని కలుగలేదు. కెప్టెను పేరు లైల్ ప్రౌస్. అతని తల్లిదండ్రులు కూడ త్రాగుడుకు బలియైనవారే. అతని ఉద్యోగము పోయెను, లైసెన్సు పోయెను, దేశమంతట అతని పేరు నవ్వులపాలాయెను. న్యాయస్థానము అతనికి 16 నెలల చెరసాల విధించెను. అతడు చికిత్స పొంది త్రాగుడు మానెను. చెరనుండి వచ్చిన తరువాత, పోయిన లైసెన్సులన్నిటిని క్రొత్త విద్యార్థివలె మొదటినుండి మరల సంపాదించుకొనెను. ఏ సంస్థను అతడు సిగ్గుపరచెనో ఆ సంస్థయే అతనిని మరల తీసికొనెను. 1998లో అతడు పెద్దదగు బోయింగ్ 747 విమానపు కెప్టెనుగా పదవి విరమించెను. 2001 జనవరిలో అధ్యక్షుడు క్లింటను అతనికి క్షమాభిక్ష ప్రసాదించెను.

ఈ కథలో వరుసను గమనింపుడి. దేశాధ్యక్షుని క్షమాభిక్ష అతడు పదవి విరమించిన తరువాత వచ్చెను. అతనికి మరల విమానము నిచ్చినది ఆ క్షమాభిక్ష కాదు. ఏండ్ల తరబడి వెలుగులో నిలిచి సంపాదించుకొనిన నమ్మకము. క్షమాపణ ఒక్క గడియలో నియ్యబడవచ్చును. నమ్మకమో, చెట్టువలె పెరుగవలసినదే.

5. కుష్ఠరోగియు యాజకుడును

ఇప్పుడు లేఖనములోనికి వత్తము. లేవీయకాండము 13, 14 అధ్యాయములను మనలో అనేకులు తొందరగా దాటిపోవుదుము. మచ్చ తెలుపా ఎరుపా, వెండ్రుక ఏ రంగు, ఏడు దినములు వేరుగా ఉంచుట, మరల చూచుట, మరల ఏడు దినములు – ఇందులో మనకేమున్నదని అనుకొందుము. కాని ఆ అధ్యాయములలో మూడు గొప్ప సంగతులు కలవు. మొదటిది, పాళెములోని ఇతరుల క్షేమము కొరకు రోగిని వేరుపరచుట. రెండవది, ఒకసారి చూచి తీర్పు చెప్పక, కాలమిచ్చి మరల చూచుట. మూడవది, బాగుపడినవానికి తిరిగి వచ్చు మార్గమును ఆ ధర్మశాస్త్రమే వ్రాసియుంచుట. వెలుపలికి పంపు తలుపును లోనికి తెచ్చు తలుపును ఒకే యాజకుని చేతిలో నున్నవి. వెళ్లగొట్టుట మాత్రమే ఎరిగి, చేర్చుకొనుట ఎరుగని నియమము సగము నియమమే.

మత్తయి 8వ అధ్యాయములో ప్రభువు కుష్ఠరోగిని ముట్టెను. వెంటనే అతడు శుద్ధుడాయెను. ఆ స్వస్థతలో కొదువ యేమియు లేదు. దేవుని కుమారుడు బాగుచేసిన తరువాత మనుష్యుని పరీక్ష ఎందుకు? అయినను ప్రభువు అతనిని యాజకుని యొద్దకు పంపెను. ఏల? స్వస్థత రోగికిని దేవునికిని నడుమ జరిగినది. అయితే అతడు మరల ఊరిలో కాపురముండవలెను, పొరుగువాని బావినుండి నీళ్లు త్రాగవలెను, బిడ్డలను ఎత్తుకొనవలెను. పొరుగువారికి అతని హృదయము కనబడదు. వారి భయము తీరుటకు సాక్ష్యము కావలెను. ప్రభువు పొరుగువారి భయమును అవిశ్వాసమని తృణీకరింపలేదు; దానిని న్యాయమైన మార్గమున తీర్చెను.

మరియొక మాట గమనింపుడి. ఈ సంగతి ఎవరితోను చెప్పవద్దని ప్రభువు అతనికి ఆజ్ఞాపించెను; యాజకునికి మాత్రము చూపించుకొనుమనెను. అనగా గతమును అడుగుటకు హక్కు గలవారు కొందరే. పరీక్షింప బాధ్యత గల వైద్యునికి నిజము చెప్పవలెను. అది బజారులోని అందరి ఆస్తి కాదు. నీళ్ల కుళాయి యొద్ద ఆరిన కథలను రాజేయుట పరీక్ష కాదు, కొండెము. పరీక్షించువాడు బాగుపరచుటకై అడుగును. కొండెగాడు రుచికొరకు అడుగును.

కాబట్టి, "దేవుడు క్షమించిన తరువాత మనుష్యులకేల చెప్పవలెను?" అనువానికి మన జవాబు ఇది: నిజముగా బాగుపడినవానికి యాజకుని యెదుట భయములేదు. దాచువాడు ఇంకను రోగపు చెరలోనే యున్నాడు. తన అతిక్రమములను దాచువాడు వర్ధిల్లడనియు, ఒప్పుకొని విడిచిపెట్టువానికి కనికరము దొరకుననియు సామెతలు 28వ అధ్యాయములో తెలుపబడినది. ఒప్పుకొనుటతో ఆగక విడిచిపెట్టవలెను. విడిచిపెట్టుటతో ఆగక ఒప్పుకొనవలెను. ఈ రెండును జతయెడ్లు. ఒక ఎద్దుతో మడక సాగదు.

"త్రాగినవాడు త్రాగినవాడే" అనువానికిని జవాబు కలదు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో సౌలు యెరూషలేమునకు వచ్చినప్పుడు శిష్యులు అతనికి భయపడిరి. వారి భయము తప్పు కాదు. అతని చేతులు సంఘము మీద పడిన దినములు దూరము కాలేదు. అప్పుడు బర్నబా అతనిని చేరదీసి, అపొస్తలుల యొద్దకు తీసికొనిపోయి, జరిగిన సంగతులు వివరించెను. అతడు సౌలు గతమును దాచలేదు. దానిని చెప్పి, తరువాత జరిగిన మార్పును కూడ చెప్పి, తాను పూటపడెను. బర్నబా లేనియెడల పౌలు ఎక్కడ? హిమ్స్ ఏర్పాటులో ప్రక్కన నిలుచు తోటి పైలటు చేయు పని ఇటువంటిదే.

6. మన ఊరి సంగతి

మన నెల్లూరు సీమకు ఈ విషయములో ఒక చరిత్ర కలదు. (నాయుడుపేట 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినను, ఆ కాలమున నెల్లూరు జిల్లాలోనిదే.) 1990 తరువాత జరిగిన అక్షరాస్యతా ఉద్యమములో రాత్రి బడులకు వచ్చిన స్త్రీలు, త్రాగుబోతు భర్తగల సీతమ్మ అను స్త్రీ కథను వాచకములో చదివిరి. కలిగిరి మండలములోని దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా అంగడి మీదికి లేచిరి. రోశమ్మగారి పేరు ఆ ఊరితో కలిసి దేశమంతట వినబడెను. 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలోను, ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16వ తేదీనుండి సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను.

ఆ తల్లులు చేసినది గొప్ప పని. వారు యాంకరేజి సిబ్బందివలె ఊరకుండలేదు, బూర ఊదిరి. అయితే చట్టము వచ్చును, చట్టము పోవును. అంగడి మూయుటతో త్రాగువాని రోగము తీరదు. అంగడి మూసిన తరువాతను, తెరచిన తరువాతను, మానవలెనని తపించు మనుష్యుడొకడు మన ఇంటిలోనే యుండును. వానికి మనమేమి చేయుచున్నాము?

మన సంఘములలో రెండు విధముల తప్పులు జరుగుచున్నవి. కొన్ని చోట్ల, ఉజ్జీవ కూటములో కన్నీళ్లు కార్చి సాక్ష్యమిచ్చినవానికి మరుసటి ఆదివారమే కానుకల పెట్టె తాళము చేతికిత్తురు. పాపము, వాడు పడును. పడిన తరువాత సిగ్గుతో గుడిగుమ్మము తొక్కడు. వేరొక చోట, పదేండ్లు మానినవానిని కూడ పెండ్లిలోను పంక్తిలోను "పాత త్రాగుబోతు" అని పిలిచి నవ్వుదురు. మొదటివారు కాలము ఇయ్యలేదు. రెండవవారు తలుపు తీయలేదు.

మరి ఏమి చేయవలెను? బస్సు, లారీ, ట్రాక్టరు నడుపువారును, పులికాటులో పడవ నడుపువారును, కరెంటు స్తంభమెక్కువారును, సంఘపు సొమ్ము దాచువారును – వీరందరు తమ చేతులలో ఇతరుల క్షేమమును మోయుచున్నారు. వీరు త్రాగుడునకు లోబడినయెడల, పనినుండి కొంతకాలము తప్పుకొనుటను సంఘము శిక్షగా కాక వైద్యముగా ఎంచవలెను. ఆ కాలములో ఇంటికి బియ్యము చేర్చుట సంఘపు పని. ఆకలి భయము తీరినయెడల ఒప్పుకొనుటకు ధైర్యము వచ్చును. నమ్మదగిన ఒకరిద్దరు పెద్దలు మాత్రము అతని సంగతి తెలిసికొని, వారమువారము కలిసికొని, నిజము అడుగవలెను. ఎంత కాలమో ముందుగానే చెప్పవలెను. ఆ కాలము నిలిచినవానికి పనియు గౌరవమును తిరిగి ఇయ్యవలెను.

ఒక హెచ్చరిక కూడ. చాల కాలము దినదినము విపరీతముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానిన యెడల వణకు, మూర్ఛలు, మతిభ్రమణము కలుగవచ్చును. ప్రాణాపాయము కూడ రావచ్చును. అట్టివానిని ఉపవాస ప్రార్థన గదిలో పెట్టి తాళము వేయక, ఆసుపత్రికి తీసికొనిపోవుడి. ప్రార్థన అక్కడను చేయవచ్చును. వైద్యుడు దేవుని పోటీదారుడు కాడు.

గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో పౌలు, తప్పిపోయినవానిని సాత్వికమైన మనస్సుతో దారికి తెమ్మనియు, ఒకరి భారములు ఒకరు భరింపుడనియు చెప్పి, ఆ వెంటనే ప్రతివాడును తన బరువు తానే మోయవలెనని చెప్పెను. ఇవి ఒకదానికొకటి విరోధమైన మాటలని కొందరనుకొందురు. విరోధము లేదు. పరీక్షకు నిలుచుట బాగుపడినవాని బరువు. పరీక్ష కాలమంతయు అతని ప్రక్కన నిలుచుట మన భారము.

"పదేండ్లు మానినవానిని ఇంకను పరీక్షించుట అవమానము కాదా?" అని ఎవరైన అడిగిన యెడల, విమానాశ్రయమున తలవంచి గొట్టములోనికి ఊపిరి ఊదు పైలట్లను జ్ఞాపకము చేసికొనుడి. ఎన్నడును త్రాగనివాడును ఊదును, త్రాగి మానినవాడును ఊదును. అక్కడ ఎవరికిని అవమానము లేదు. వెనుక కూర్చున్న ఆ పేరు తెలియని తల్లి క్షేమము మాత్రమే కలదు. మనలో ఎవడు నిలుచుచున్నానని తలంచుకొనునో వాడు పడకుండునట్లు చూచుకొనవలెను గదా. కాబట్టి నీ సంఘములో నిన్న మానిన సహోదరుడు ఈ ఆదివారము వెనుక వరుసలో కూర్చున్న యెడల, పోయి అతని ప్రక్కన కూర్చుండుము. అతని గతమును ఎత్తకుము. అతడు చెప్పదలచినప్పుడు వినుము. విన్నదానిని నీ యొద్దనే యుంచుకొనుము.